నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఎప్పుడు తినాలి, ఎలా తినాలి: పాత పేటల తిండికి ఒక సమగ్ర మార్గదర్శి

నెల్లూరుకు చుట్టాలు వస్తే మనం వాళ్లను ట్రంకురోడ్డుకో మాగుంట లేఅవుట్‌కో తీసుకువెళ్తాం. ఒక పెద్ద హోటల్లో చేపల పులుసు తినిపించి, ఒక పెట్టె మలై కాజా కట్టించి, సాయంత్రానికి రైలెక్కిస్తాం. స్టోన్‌హౌస్‌పేట ఊసే ఎవరూ ఎత్తరు. ఆ హోల్‌సేల్ కొట్ల పేటకు మనం వెళ్లేది పెళ్లికి కావలసిన పప్పుల కోసం, నూనె డబ్బాల కోసం, పండగ ముందు బెల్లం కోసం, ఏడాదికి సరిపడా బియ్యం కోసం. సరుకు ఆటోలో వేయించుకున్న మరుక్షణం వెనక్కి తిరుగుతాం. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. బస్తాలు మోసే ముఠా కార్మికులు, లెక్కలు రాసే గుమాస్తాలు, సరుకు దించడానికి వరుసలో నిలబడిన లారీ డ్రైవర్లు తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా మసలే చోట తిండి దొరకకుండా ఎలా ఉంటుందని ఒక్కసారి కూడా నాకు తోచలేదు.

తిండి ఉంది. అయితే అది మన వేళలకు తెరుచుకోదు, మన కోసం బోర్డు కట్టుకోదు. అందుకే కనబడదు. ఆ పేటలో తినాలంటే ముందు అక్కడి పని వేళలు తెలుసుకోవాలి, తక్కినదంతా దాని వెనకే వస్తుంది. ఈ వ్యాసంలో హోటళ్ల పేర్లు, బండ్ల పేర్లు ఇవ్వడం లేదు. బండి ఒక సందు నుంచి ఇంకో సందుకు జరుగుతుంది, మెస్సు చేతులు మారుతుంది, వంటమనిషి మానేస్తే పేరు నిలిచి రుచి పోతుంది. పేర్లు ఇస్తే ఆరు నెలల్లో ఈ వ్యాసం పనికిరాకుండా పోతుంది. పద్ధతి తెలిస్తే స్టోన్‌హౌస్‌పేటలోనే కాక పక్కనున్న నవాబుపేటలోనూ, ఒంగోలు, కావలి వంటి ఊళ్లలోని పాత బజార్లలోనూ అది ఉపయోగపడుతుంది.

మొదటి మెట్టు: హద్దులు గీసుకోవడం

ఒక రోజుకు నాలుగు వీధులు చాలు. పేట మొత్తాన్ని ఒక్క పూటలో చుట్టివద్దామనుకుంటే మీ కంటికి రద్దీ ఒక్కటే ఆనుతుంది. బండి ఇంటి దగ్గరే వదిలి ఆటోలో వెళ్లండి. సరుకు దించే లారీల మధ్య మోటార్ సైకిలు నిలపడానికి చోటు వెతుక్కోవడంలోనే ఆకలి చచ్చిపోతుంది. కొట్ల వరుస మొదలయ్యే చోట దిగి, ముందు ఏమీ తినకుండా ఆ నాలుగు వీధులూ ఒకసారి అటూ ఇటూ నడవండి. ఒక కాగితం మీద చేత్తో పటం గీసుకుని, టిఫిన్ బండి కనిపించిన చోట ఒక గుర్తు, మెస్సు ఉన్న చోట ఒక గుర్తు, ఖాళీగా ఉన్నా నూనె మరకలు, బూడిద, కడిగిన నీళ్ల తడి కనబడిన చోట ఇంకొక గుర్తు పెట్టుకోండి. ఈ మూడో గుర్తు ముఖ్యమైనది. ఆ వేళకు అక్కడ ఏమీ లేదు గాని, మరో వేళకు ఏదో ఒకటి ఉంటుందని ఆ మరక చెబుతుంది. ఫోనులోని మ్యాపు ఈ పనికి రాదు. అందులో మెస్సులు కొన్ని ఉంటాయి, బండ్లు దాదాపు ఉండవు, ఉన్నవాటికి రాసిన వేళలను నమ్మలేం.

రెండో మెట్టు: పేట గడియారాన్ని తెలుసుకోవడం

ఈ మెట్టు విలువ నాకు తిండి దొరక్కపోయిన రోజున తెలిసింది. తిండి కోసమే పేటకు వెళ్లాలని మొదటిసారి అనుకున్నప్పుడు, తీరిక దొరికేది ఆదివారమే కాబట్టి, ఆదివారం ఉదయం 11 గంటలకు వెళ్లాను. కొట్లన్నీ తలుపులు దించి ఉన్నాయి. కొట్లు తెరవకపోతే సరుకు దిగదు, సరుకు దిగకపోతే ముఠా రాదు, ముఠా రాకపోతే బండి పెట్టేవాళ్లు ఎవరి కోసం పెడతారు? ఒక టీ కొట్టులో ఉప్పు బిస్కెట్లు తిని ఇంటికి వచ్చాను. ఆ పేటలో తినడానికి ఏమీ లేదని నలుగురితో చెప్పాను కూడా. ఆ మాట తప్పని తెలుసుకోవడానికి మళ్లీ ఒక మంగళవారం తెల్లవారుజామున బెల్లం కోసం వెళ్లవలసి వచ్చింది.

పని దినాల్లో పేట రోజు సుమారుగా ఇలా సాగుతుంది. చీకటితోనే లారీలు వచ్చి నిలబడతాయి, వాటితో పాటే టీ, వేడి ఇడ్లీ వస్తాయి. అప్పుడు తినేవాళ్లు డ్రైవర్లు, క్లీనర్లు. వాళ్లకు కావలసింది వేడి, వేగం. చట్నీ ఎలా ఉందో చూసుకునే తీరిక వాళ్లకు ఉండదు కాబట్టి ఈ వేళ తిండి నాసిగానే ఉంటుంది. 7 నుంచి 9 వరకు అసలైన టిఫిన్ వేళ. ముఠావాళ్లు మోతకు ముందు కడుపు నింపుకుంటారు, గుమాస్తాలు కొట్టు తెరిచే ముందు నిలబడి తింటారు. రోజూ తినేవాళ్లు, రుచి తప్పితే మొహం మీదే అనేవాళ్లు ఒకే చోట చేరే వేళ ఇదొక్కటే. పిండి కూడా అప్పుడే సరిగ్గా ఉంటుంది. నెల్లూరు వేసవిలో రుబ్బిన పిండి 9 దాటేసరికి పులుపెక్కుతుంది. అదే దోసె 10 గంటలకు తింటే మరో దోసె తిన్నట్టు ఉంటుంది.

10.30 ప్రాంతంలో ఇంకొక చిన్న పూట ఉంది, దీన్ని బయటివాళ్లు గమనించరు. రెండు లారీలు దించిన మనిషికి మధ్యాహ్నం వరకు ఇడ్లీ ఆగదు. కొందరు ఇంటి నుంచి తెచ్చుకున్న చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కొరుక్కుని తింటారు. తెచ్చుకోనివాళ్ల కోసం బొండాలు, పెరుగన్నం పొట్లాలు పెట్టే బండి ఒకటి ఎక్కడో ఉంటుంది. 1 నుంచి 2.30 వరకు మెస్సుల వేళ. 4 దాటాక బజ్జీలు, పులిసిన పిండితో వేసే పులిబొంగరాలు. దీపాలు పెట్టాక పరోటా, దానిలోకి పలచటి మసాలా పులుసు సేర్వ. ఆ వేళకు కొన్నిచోట్ల ఫ్రైడ్ రైస్ బండ్లు కూడా వస్తాయి గాని, వాటి కోసం స్టోన్‌హౌస్‌పేట దాకా రానక్కరలేదు.

మొదటిసారి వెళ్లేవాళ్లు పని దినం ఉదయం 7.30కు పేటలో ఉండేలా చూసుకోవాలి. ఒక్క పూటే వీలైతే ఆ పూటనే ఎంచుకోవాలి.

మూడో మెట్టు: ఎవరిని, ఏమని అడగాలి

“ఇక్కడ ఏది బాగుంటుంది?” అని అడిగితే మీరు బయటివారని తెలిసిపోతుంది, మర్యాద కొద్దీ పెద్ద బోర్డున్న హోటలు పేరు చెబుతారు. ఆ మనిషి అక్కడ ఏడాదికి ఒకసారైనా తిని ఉండకపోవచ్చు. కాబట్టి సలహా అడగకండి, ఆరోజు జరిగిన సంగతి అడగండి. బస్తా దించి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్న ఒక ముఠా కార్మికుడిని నేను అడిగిన తీరు ఇది:

“పొద్దున యాడ తిన్నావునా?”

“ఆ సందు చివర అక్క కాడ. ఎందుకబ్బయ్యా?”

“నేనూ తిందామని.”

“ఇప్పుడు పోతే దోసె ఉండదు. ఇడ్లీ ఉంటే ఉండొచ్చు. రేపు ఎనిమిది లోపల రా.”

ఈ నాలుగు మాటల్లో చోటు, వేళ, ఏది ముందు అయిపోతుందన్నది, అన్నీ వచ్చేశాయి. ఇలా ముగ్గురిని అడగండి. ఒకరు ముఠాలో పనిచేసేవారు, ఒకరు కొట్లో గుమాస్తా, ఒకరు అక్కడే కాపురం ఉండే ఇల్లాలు అయితే మంచిది. ముగ్గురి రుచులూ, ముగ్గురు పెట్టగల డబ్బూ వేరు. ఇద్దరు ఒకే చోటు చెబితే కళ్లు మూసుకుని వెళ్లవచ్చు. ముగ్గురూ మూడు చెబితే ముఠా మనిషి చెప్పింది టిఫిన్‌కూ, గుమాస్తా చెప్పింది మధ్యాహ్న భోజనానికీ వాడుకోండి. ఆ ఇల్లాలు ఇంట్లో ఏదీ కుదరనప్పుడు ఎక్కడి నుంచి పార్సిల్ తెప్పించుకుంటారో అదే సాయంత్రానికి సరైన చోటు. ఆడవాళ్లను “అక్కా” అనో “అమ్మా” అనో పలకరించి, పక్కన మీ ఇంటివాళ్లు ఉంటే వాళ్ల చేత అడిగించడం మర్యాద.

నాలుగో మెట్టు: కారం దోసె దగ్గర నిలబడి చూడడం

మీరు వెళ్లిన బండి మంచిదో కాదో తినకముందే తెలుసుకోవచ్చు. అయిదు నిమిషాలు పెనం దగ్గర నిలబడితే చాలు. సందు చివరి అక్క దగ్గర నేను చూసింది చెబుతాను.

పెనం మీద నీళ్లు చిలకరించి, చిన్న చీపురుకట్టతో ఒక్క ఊపున తుడుస్తుంది. సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి పెనమంతా రుద్దుతుంది. గరిటెడు పిండి మధ్యలో పోసి, గరిటె అడుగుతో చుట్లు చుట్లుగా అంచు దాకా లాగుతుంది. దోసె మధ్యలో మందంగా, అంచున పలచగా వస్తుంది. అంతా కాగితంలా పలచగా లాగితే కారం రాసినప్పుడు చిరిగిపోతుంది. పైన తడి ఆరుతుండగా నెయ్యో నూనో చుట్టూ వదిలి, ఒక చెంచాడు ఎర్రకారం తీసి చెంచా వెనకవైపుతో పులుముతుంది. దాని మీద పప్పుల పొడి, అంటే పుట్నాల పొడి, చల్లుతుంది. అంచు లేచి రంగు తిరిగాక అట్లకాడతో మడిచి విస్తరాకు ముక్కలో వేసి ఇస్తుంది. తిరగేసి కాల్చదు.

ఇందులో అసలు పరీక్ష ఎర్రకారానికి. ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు కలిపి రుబ్బే ఈ ముద్ద ఆరోజుదైతే గిన్నె మూత తీయగానే వెల్లుల్లి వాసన ముక్కుకు తగులుతుంది, రంగు ఇటుక ఎరుపులో ఉంటుంది. గిన్నె అంచున నల్లబడి గట్టిపడిన పొర ఉంటే నిన్నటి ముద్ద అన్నమాట, అప్పుడు సాదా దోసెతో సరిపెట్టుకోండి. రెండో పరీక్ష చట్నీకి. శెనక్కాయల చట్నీ అయినా పప్పుల చట్నీ అయినా గరిటె నుంచి జారేటప్పుడు తీగలా పడాలి, నీళ్లలా పడకూడదు. 9 దాటాక చాలా బండ్ల మీద చట్నీలో నీళ్లు పెరుగుతాయి. ఎనిమిదిలోపు రమ్మన్న ఆ ముఠా అన్న మాటలో ఈ కారణం కూడా ఉందని నాకు తరవాత అర్థమైంది.

వరుస ఎప్పుడూ తేలికపాటి దానితో మొదలుపెట్టాలి. ముందు ఒక ఇడ్లీ తింటే పిండి సంగతి తెలుస్తుంది. తరవాత కారం దోసె. కారం ఎక్కువా తక్కువా అని ఆమె అడిగినప్పుడు “నీ లెక్కన వెయ్యక్కా” అంటే బండి మీది అసలు రుచి తెలుస్తుంది. అయితే ఆ లెక్క మామూలు లెక్క కాదు. ఎండుమిర్చి ఘాటు అలవాటు లేనివాళ్లు, కడుపులో మంట ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా సగం కారం అడగాలి. పొద్దున్నే పరగడుపున వీరత్వం చూపించి మధ్యాహ్నం మెస్సు వదులుకున్నవాళ్లను నేను చూశాను.

పులిబొంగరాల గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పులిసిన పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి నూనెలో ఉండలుగా వేస్తారు. పొద్దున మిగిలి పులుపెక్కిన పిండికి ఇదే గతి, అందులో తప్పేమీ లేదు, ఆ పులుపే దీని రుచి. అందువల్ల పొద్దున దోసె బాగున్న చోటే సాయంత్రం పులిబొంగరాలు కూడా బాగుంటాయి. కాగుతున్న మూకుడు ముందు నిలబడి, వాయి దిగిన వెంటనే తినాలి. పార్సిల్ కట్టిస్తే ఇల్లు చేరేలోపు మెత్తబడి నూనె పీల్చుకుంటాయి.

అయిదో మెట్టు: మెస్సులో భోజనం, చేపల పులుసు

నెల్లు అంటే వరి కాబట్టి నెల్లూరు పేరులోనే వరి ఉందంటారు. అలాంటి ఊళ్లో, పైగా బియ్యం కొట్ల మధ్య ఉన్న మెస్సులో, అన్నం బాగుండకపోతే ఇక కూర రుచి చూడనక్కరలేదు. కొట్లవాళ్లు తినే మెస్సులో నాసిరకం బియ్యం వండితే మర్నాటికి ఆ గుమాస్తాలు రారు. మొలగొలుకుల పేరు వినపడితే మాత్రం కాస్త ఆగి ఆలోచించండి. ఒకప్పుడు నెల్లూరుకు పేరు తెచ్చిన ఆ బియ్యం పొలంలో ఎక్కువ కాలం ఉండే పంట. దాని స్థానాన్ని నెల్లూరు మసూరి అని పిలిచే ఎన్‌ఎల్‌ఆర్ 34449 వంటి త్వరగా కోతకొచ్చే రకాలు ఆక్రమించాయి. మామూలు మెస్సు భోజనంలో మొలగొలుకులు పెడుతున్నామని ఎవరైనా అంటే, ఏ కొట్లో కొన్నారని మెల్లగా అడగండి. నిజమైతే సంతోషంగా చెబుతారు.

పేటలో రెండు రకాల మెస్సులు కనబడతాయి. కన్యకా పరమేశ్వరి ఆలయం చుట్టుపక్కల వైశ్య కుటుంబాలు ఎక్కువ కాబట్టి శాకాహార మెస్సులు బాగా నడుస్తాయి. దసరా రోజుల్లో అమ్మవారికి చేసే కరెన్సీ నోట్ల అలంకారంతో వార్తల్లోకి వచ్చే గుడి అదే. ఈ మెస్సుల్లో చూడవలసినవి పప్పు, వంకాయ బజ్జి, చారు. వంకాయ బజ్జి అంటే శెనగపిండిలో ముంచి వేయించేది కాదు, ఉడికిన వంకాయను చింతపండు, పచ్చిమిర్చితో మెదిపి చేసేది. రెండో రకం మెస్సుల్లో చేపలు, కోడి, మాంసం ఉంటాయి. అక్కడ తొలిసారి వెళ్లినప్పుడు ఒక్క చేపల పులుసు మీదే మనసు పెట్టండి.

పులుసు మంచిదో కాదో నాలుగు గుర్తులతో తెలుస్తుంది. పైన ఎర్రటి నూనె తేలి ఉండాలి, పులుసు చిక్కబడేదాకా మరిగిందనడానికి అది ఆనవాలు. ముక్క చెదిరిపోకూడదు. పులుసు మరిగేటప్పుడు తెలిసినవాళ్లు గరిటె పెట్టరు, దాకను గుడ్డతో రెండు వైపులా పట్టుకుని తిప్పుతారు. ముక్కలు చెదిరి ముళ్లు తేలుతున్నాయంటే వంటవాళ్లు తొందరపడ్డారన్నమాట. మామిడికాయ ముక్క ఉన్న కాలమైతే అది వేళ్లతో నొక్కితే నలగాలి గాని, తనంత తాను కరిగిపోయి ఉండకూడదు. నాలుగోది అడిగి తెలుసుకోవలసింది. “ఈరోజు ఏం చేప?” అని అడిగితే వడ్డించే మనిషి ఠక్కున కొర్రమీను అనో, వంజరం అనో, బొచ్చె అనో పేరు చెప్పాలి. “చేపే” అని జవాబు వస్తే ఆరోజుకు కోడిగుడ్డు కూర చెప్పుకోవడం మేలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. తూర్పు తీరంలో మరబోట్లు, మోటారు పడవలు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు, సముద్రంలో వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం విధించే నిషేధం ఇది. పుల్ల మామిడికాయ బాగా దొరికే కాలమూ దాదాపు అదే. అంటే మామిడికాయ వేసిన పులుసు కోసం మీరు వేసవిలో పేటకు వెళ్లినప్పుడు వంజరం, మాగ, చందువ వంటి సముద్రపు చేపలు తాజాగా దొరకడం కష్టం. అందువల్ల ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి వరకు మామిడికాయతో చెరువు చేపల పులుసు తినండి. కొర్రమీను దొరికితే వదలకండి, లేకపోతే బొచ్చె, శీలావతి. ఆ రెండు నెలల్లో “తాజా వంజరం” అని ఎవరైనా ఊరిస్తే అది మంచుపెట్టెలో ఎన్నాళ్లుందో ఆలోచించుకోండి. సముద్రపు చేప కావాలంటే నిషేధం ముగిసి, మైపాడు, కృష్ణపట్నం వైపు నుంచి పడవలు మళ్లీ తిరగడం మొదలయ్యాక రండి. మామిడికాయ తగ్గినా చింతపండు పులుపు ఎలాగూ ఉంటుంది. ఈ రెంటిలో ఏది అసలైన నెల్లూరు పులుసో మా ఇంట్లోనే ఇంకా తేలలేదు. మామిడికాయ లేనిదాన్ని పులుసని అనకూడదని మా పెద్దమ్మ వాదం.

పులుసు మర్నాటికే రుచి అని మనందరం అనుకుంటాం. ఇంట్లో వండి, చల్లారాక కదపకుండా ఉంచిన దాక విషయంలో అది నిజం. రోజంతా మూత తీస్తూ పెడుతూ వడ్డించే మెస్సు పులుసుకు ఆ సూత్రం వర్తించదు. ఉదయం పొయ్యి దించి, మధ్యాహ్నం 1 గంటకు వడ్డించేది మెస్సులో మంచి పులుసు. డబ్బు తక్కువైనా, చేప ముళ్లంటే భయమైనా, ముక్క లేకుండా ఉత్త పులుసు పోయమని అడగవచ్చు. చాలాచోట్ల భోజనంతో పాటే ఒక గరిటె పోస్తారు.

మెస్సుకు వెళ్లే ముందు పంచాంగం కూడా ఒకసారి చూసుకోవాలి. కార్తీక మాసంలో, అయ్యప్ప దీక్షల రోజుల్లో, శనివారాల్లో మాంసాహార మెస్సులకు గిరాకీ పడిపోతుంది. కొన్ని పూర్తిగా శాకాహారానికి మారతాయి. ఆ రోజుల్లో చేపలు తక్కువగా తెస్తారు, తెచ్చినవి నిలవ ఉండిపోయే అవకాశం ఎక్కువ. కాబట్టి అప్పుడు శాకాహారమే తినండి. స్వాముల కోసం వండే సాంబారు, కూరలు ఏడాదిలో మరే రోజుల్లోనూ అంత శ్రద్ధగా వండరు.

ఆరో మెట్టు: సాయంత్రం పక్క పేటలకు

స్టోన్‌హౌస్‌పేటలో కొట్లు కట్టేశాక తిండి సందడి ఇతర పేటలకు జరుగుతుంది. ఆటో ఎక్కి కోటమిట్టకు వెళ్లండి. ముస్లిం కుటుంబాలు ఎక్కువగా ఉండే ఈ పేటలో బిర్యానీ కంటే ముందు కుస్కా అడగాలని నా సలహా. కుస్కా అంటే ముక్కలు లేకుండా వడ్డించే బిర్యానీ అన్నం. దానితో పాటు దాల్చా, అంటే పప్పు, సొరకాయో వంకాయో, ఒక్కోచోట ఎముక ముక్కలూ వేసి పుల్లగా చేసేది, ఇస్తారు. ముక్కల ఆర్భాటం లేకుండా అన్నంలోకి మసాలా ఎంత దిగిందో కుస్కాలోనే తెలుస్తుంది. పరోటా తినేవాళ్లు సేర్వను మొదట ఉత్తదే ఒక చెంచాడు రుచి చూడాలి. పిండి కలిపి చిక్కబరిచిన సేర్వ నాలుకకు అంటుకుంటుంది, ఎముకలు మరిగిన సేర్వ గొంతులోకి జారిపోతుంది.

రంజాన్ నెలలో ఇక్కడికి వెళ్లేవాళ్లు ఉపవాసం విడిచే వేళకు అరగంట తరవాత వెళ్లడం మర్యాద. ఆ అరగంటా రోజంతా ఉపవాసం ఉన్నవాళ్లది. అలాగే మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండగను తిండి పండగ అనుకుని వెళ్లకండి. కోరుకున్న కోరిక కోసం ఒకరి దగ్గర రొట్టె తీసుకోవడం, అది తీరితే మరుసటి ఏడు వచ్చి మరొకరికి రొట్టె ఇవ్వడం అక్కడి ఆచారం. చేతికి వచ్చిన రొట్టెను మొక్కుగా తినాలి, రుచి ఎంచకూడదు.

పెన్న ఒడ్డున ఉన్న రంగనాయకులపేటకు సాయంత్రం వెళ్తే, ముందు తల్పగిరి రంగనాథస్వామి దర్శనం చేసుకుని, ప్రసాదం దొరికితే తీసుకుని, తరవాత గుడి వీధుల్లో నడవండి. పెద్ద తిండి ఏమీ ఉండదు. టీ, బజ్జీలు, వేయించిన శెనక్కాయలు, నదివైపు నుంచి గాలి. భోజనానికీ భోజనానికీ నడుమ ఆ మాత్రం చాలు.

ఏడో మెట్టు: శుభ్రత చూసుకోవడం

బండి తిండి అంటేనే భయపడేవాళ్లు, దేన్నీ లెక్కచేయనివాళ్లు ఇద్దరూ కళ్లు మూసుకుని ఉన్నట్టే. చూడవలసినవి కొన్నే. మూకుడులోని నూనె నల్లగా, జిగటగా ఉండి, పిండి వేయకముందే పొగ, నురగ వస్తుంటే అక్కడ వేపుళ్లు తినకండి. పదే పదే కాచిన నూనెలో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదన్నది ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) నిబంధన. మన దగ్గర కొలిచే సాధనం లేకపోయినా కన్నూ ముక్కూ చాలావరకు చెబుతాయి. బజ్జీలు వార్తాపత్రికలో కట్టి ఇస్తుంటే వద్దని ఆకులో అడగండి. ముద్రణ సిరా తిండికి అంటుతుంది కాబట్టి ఆ పని చేయకూడదని అదే సంస్థ హెచ్చరించింది. మెస్సుల్లో, స్థిరంగా ఉన్న హోటళ్లలో గోడ మీద ఆ సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. ఫిర్యాదు చేయవలసి వస్తే 1800112100కు ఫోను చేయవచ్చు. నీళ్ల విషయంలో మాత్రం మొహమాటం వద్దు, మీ సీసా మీరు తీసుకువెళ్లండి. ఎంత చిన్న బండి అయినా డబ్బు తీసుకునే చేయి, వడ్డించే చేయి వేరుగా ఉంటే నాకు సగం నమ్మకం వస్తుంది.

ఎనిమిదో మెట్టు: కొనుక్కోవడం, రాసుకోవడం

తిన్నదాని సరుకు పక్క కొట్లోనే ఉండటం ఈ పేటలో ఉన్న సుఖం. దోసె నచ్చితే ఎండుమిరపకాయలు ఎక్కడ కొంటావని అక్కను అడిగి, అదే కొట్టుకు వెళ్లవచ్చు. హోల్‌సేల్ కొట్లలో కిలో అరకిలో తూచరు, పక్కనే చిల్లర కొట్టు ఎక్కడుందో వాళ్లే చూపిస్తారు. బియ్యం కొనేటప్పుడు పాతవా కొత్తవా అని తప్పక అడగండి. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, పాత బియ్యానికి ధర ఎక్కువ. మలై కాజా గురించి నెల్లూరువాళ్లకు నేను చెప్పేదేమీ లేదు గాని, బయటి ఊళ్లకు పంపేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. లోపల ఉండేది పాల సరుకు కాబట్టి వేసవిలో దూర ప్రయాణానికి కట్టించకండి.

ఇంటికి రాగానే ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుంది: “మంగళవారం, 7.40. సందు చివరి బండి. ఇడ్లీ మెత్తన, చట్నీలో శెనక్కాయ పచ్చిగా తగిలింది. కారం దోసె చాలా బాగుంది, వెల్లుల్లి ఆరోజుదే. పక్కన తిన్నవాళ్లు ఆరుగురు, అయిదుగురు ముఠా. 8.20కి దోసెపిండి అయిపోయింది.” రుచి ఎలా ఉందని మాత్రమే రాస్తే మళ్లీ వెళ్లినప్పుడు ఉపయోగపడదు. వేళ, పక్కన తిన్నదెవరు, ఏది ఎప్పుడు అయిపోయింది అన్నవి రాయాలి. ఫోటోలు తీసేముందు బండివాళ్ల అనుమతి అడగండి, తినేవాళ్ల మొహాలు పడకుండా తీయండి. చెమటతో అలసి తింటున్న మనిషికి మీ ఫోను ముందు కూర్చోవలసిన అవసరం లేదు. చిల్లర దగ్గర ఉంచుకోండి. స్కానర్ బోర్డు ఉన్నా పొద్దున్నే రద్దీలో నెట్‌వర్క్ కోసం మీరు నిలబడితే వెనకవాళ్ల పని ఆగుతుంది. బండి గురించి పదిమందికి చెప్పాలనిపిస్తే మొదట ఆమెను అడగండి. రోజుకు ఎనభై దోసెల పిండి రుబ్బుకునే మనిషి దగ్గరకు ఒక్కసారిగా రెండు వందలమంది వస్తే, రోజూ తినే ముఠావాళ్లకు దోసె దొరక్కుండా పోతుంది. నేను అడిగినప్పుడు ఆమె “మావోళ్లు తిన్నాక మిగిల్తే రమ్మను” అంది. అందుకే ఆ సందు ఏదో ఇక్కడ రాయలేదు.

ఒకసారి వెళ్లి తేల్చేయకండి. ఒక పని దినం, ఒక శనివారం, ఒక వానాకాలపు రోజు, మూడుసార్లయినా వెళ్లాలి. నెల్లూరుకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఎక్కువ. ఆ రోజుల్లో బండ్లు కొట్ల అరుగుల మీదికి, షట్టర్ల కిందికి చేరతాయి, మీ పటంలో గుర్తులన్నీ మారిపోతాయి. వాన ముసురు పట్టి చలిగా ఉన్న మర్నాడు పిండి సరిగ్గా పులవదు, ఇడ్లీ గట్టిగా వస్తుంది. అలాంటి పొద్దున నేరుగా దోసె చెప్పుకోండి, అది కాస్త ఆలస్యంగా 8.30కి వెళ్లినా దొరుకుతుంది. వానకు లారీలు ఆలస్యమవుతాయి, వాటితో పాటు ముఠా కూడా.